జానెడు రబ్బరు

పాట అయిపోయింది, ప్రార్థన అయిపోయింది, వాక్యం కూడా అయిపోయింది, శవపేటికను తీసుకెళ్ళాల్సిన బండి మాత్రం రాలేదు. సికింద్రాబాద్‌లో బయలుదేరిందని ఒకరూ, ఎర్రగడ్డ దగ్గర ఆపేశారని ఇంకొకరూ చెబుతున్నారు. బోరబండ స్టేషన్లో పట్టాల మీద బైఠాయించినవాళ్ళ నినాదాలు ఈ సందులోకి స్పష్టంగా వినబడుతున్నాయి. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది, బస్సుల్లేవు, ఆటోల్లేవు, ఇవాళ రైళ్ళూ లేవు, చనిపోయినవాడికైనా సరే దారి దొరికే రోజులు కావు ఇవి. పాస్టరు జాషువాగారు బైబిలు మూసి, వాచీ చూసుకుని, "బండి వచ్చేలోపల మన సహోదరుడు మోషే గురించి రెండు మాటలు చెప్పేటోళ్ళు ఉంటే వచ్చి చెప్పుండ్రి" అన్నారు. షామియానా కింద రెండో వరసలో కూర్చున్న లీదియాకు ఆయన తననే పిలిచినట్టు అనిపించి, కుర్చీలో ఇంకాస్త లోపలికి ముడుచుకుంది. నిజానికి ఆయన ఎవరినీ పిలవలేదు, ఆయనకు ఆమె ఎవరో కూడా తెలియదు. కానీ చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నవి సరిగ్గా రెండే మాటలు. మోషే తప్పు చేయలేదు. పైపు అలా బిగించమని చెప్పింది నేను. బుధవారం నుంచీ ఆ రెండూ నాలుక చివరే ఉన్నాయి, గురువారం సాయంత్రం వాటిని మింగేసి ఒక కాగితం మీద సంతకం పెట్టింది, శుక్రవారం తెల్లవారుజామున మోషే పోయాడు, ఇవాళ శనివారం, పది దాటింది, బండి వచ్చేదాకా ఎంతసేపుంటే అంతసేపు ఆమెకు వ్యవధి.

కిరణ్ పాల్ పొద్దున మదీనాగూడ నుంచి లోపలి సందుల్లో తిప్పి తిప్పి బండి మీద తెచ్చి, "వెళ్ళు, పువ్వులు పెట్టు, కాసేపు కూర్చో, వచ్చేయ్. నోరు మాత్రం విప్పకు లీదియా" అన్నాడు. మొగుడు పిరికివాడేం కాదు. రెండేళ్ళ కిందట ఉద్యోగం పోయి పది నెలలు ఇంట్లో కూర్చున్నవాడు, అందుకని అన్నాడు. ఆఫీసులో విశ్వేశ్వరరావుగారైతే అసలు వెళ్ళొద్దనే అన్నారు. ఆయన ఆమెకు పై అధికారి, అమలాపురం మనిషి, ఏడేళ్ళలో ఒక్కనాడూ 'అమ్మా' అని తప్ప పిలిచి ఎరగరు. "బాధగా ఉంటే ఇంట్లోనే ప్రార్థన చేసుకోమ్మా, దేవుడు అక్కడా వింటాడు" అన్నారు. వింటాడు, ఎందుకు వినడు, అసలు ఆయనకు చెప్పాల్సిన పని కూడా లేదు, అన్నీ తెలిసినవాడు. తెలియనిది పుణ్యవతికి. అదుగో, ఐసు పెట్టె పక్కన చాప మీద, తెల్ల చీర కొంగు తలమీదికి లాక్కుని, ఏడ్చి ఏడ్చి ఇక ఏడవలేక ఊరికే గాజు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది మోషే భార్య. తెలియనిది షారోన్‌కి. నర్సింగు రెండో సంవత్సరం చదివే కూతురు, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందిస్తూ తిరుగుతోంది, ఏదో ఒక పని లేకపోతే కూలిపోతుందేమో అన్నట్టు. ఇందాక లీదియా చేతికి గ్లాసిచ్చి, "లీదియా మేడం మీరేనా? నాయిన మస్తు చెప్తుండె మీ గురించి" అంది. ఏం చెప్పేవాడో అడగడానికి లీదియాకు ధైర్యం చాల్లేదు. నీళ్ళు తాగేసింది, గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

ఏం చెప్పి ఉంటాడు. మేడం గీతలు మంచిగ గీస్తది అని చెప్పి ఉంటాడు. మంచిగానే గీస్తుంది, అందులో అనుమానం లేదు, ఈ మూడు రోజులుగా అందరూ ఆమెను ఓదారుస్తున్నది ఆ మాటతోనే, నీ డ్రాయింగులో ఏ తప్పూ లేదు లీదియా అని. నేల కింద పాతిపెట్టే కట్టడాలకు బయటి నుంచి వచ్చే పైపులు ఎలా కలవాలో గీయడం ఆమె పని. ఆఫీసులో ఎవరికీ ఇష్టంలేని పని, పైన అద్దాల మేడ గీసినవాళ్ళకు ఫొటోలు, కింద తొట్టి గీసినవాళ్ళకు ఏముంటుంది. కానీ ఈ సైబరాబాద్ నేల సంగతి ఆమెకు తెలుసు. సగం బండ, సగం పోసిన మట్టి. బండ పగలగొట్టిన చోట మేడ లేస్తుంది, పగిలిన రాళ్ళూ మట్టీ తెచ్చి కుంటలో పోసిన చోట పచ్చిక లేస్తుంది. నానక్‌రామ్‌గూడ వైపు ఆ క్యాంపస్‌లో పచ్చిక కింద ఒక పెద్ద కాంక్రీటు తొట్టి ఉంది, ఇళ్ళల్లో నీళ్ళ సంపు లాంటిదే, కాకపోతే ఇరవై ఇళ్ళ సంపులంత. తొట్టి బండ మీద కూర్చుంది కాబట్టి అంగుళం కదలదు. దానిలోకి వచ్చే పైపు పోసిన మట్టిలో ఉంది కాబట్టి వాన పడినప్పుడల్లా మట్టితో పాటు కాస్త కాస్త దిగుతుంది. కదలని దాన్నీ దిగేదాన్నీ గట్టిగా కలిపి సిమెంటు చేసేస్తే, ఏదో ఒకనాడు గోడ అంచునే విరుగుతుంది. అందుకని గోడలో పైపు చుట్టూ సందు వదలాలి, గోడ బయట జానెడు రబ్బరు జాయింటు, తర్వాత మూరెడు పైపు ముక్క, మళ్ళీ జానెడు రబ్బరు. మట్టి దిగితే ఆ ముక్క ఒరుగుతుంది, విరగదు. మొదటి రోజు సైటులో ఆమె ఇదంతా మోషేకి లెక్కలతో సహా చెప్పబోతే, అతను మర్యాదగా ఆఖరిదాకా విని, "అంటే బస్సుల నిలబడ్డట్టు. మోకాళ్ళు బిగబట్టి నిలబడ్డోడు బ్రేకేస్తె పడ్తడు, జర వంచి నిలబడ్డోడు పడడు. గంతే గద మేడం?" అన్నాడు. అంతే. ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆమె ఆ బస్సు మాటే చెప్పింది, అందరూ మెచ్చుకున్నారు, అది ఒక ఫిట్టరు చెప్పిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చిన్న దొంగతనం. దానికే ఇవాళ ఇంత సిగ్గుగా ఉంటే రెండోదానికి ఎంత ఉండాలి.

కరెంటు పోయింది. ఐసు పెట్టె గుర్రుమంటున్నదల్లా ఒక్కసారి ఆగిపోయింది, ఆ చప్పుడు ఇంతసేపూ ఉందని అది ఆగాకే తెలిసింది. బొగ్గు గనుల్లోనూ సమ్మెనే, రోజుకు నాలుగుసార్లు ఇదే వరస, ఎవరూ విసుక్కోలేదు కూడా. ఇద్దరు మనుషులు గోనెసంచిలో ఐసు గడ్డ మోసుకొచ్చి పెట్టె కింద పెట్టారు. మల్లయ్య లేచి మైకు లేకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. మోషేతో కలిసి పనిచేసిన ఫిట్టరు, లీదియా ఆయన్ని రెండుమూడు సైట్లలో చూసింది. "పదిహేనేండ్ల సంది ఇద్దరం ఒక్క టిఫిన్ల తిన్నం. ఒక్క తాప గూడ వాని జాయింటు కారలే. ఒక్క తాప. ఇది ఎట్లయిందో నాకు సమజ్ కాలే, కంపెనీ వాళ్ళు వాని తప్పే అంటున్రు, నేనైతె..." అని ఆగిపోయి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎలా సమజ్ అవుతుంది ఆయనకు, పైపు బిగించిన ఆ డిసెంబరులో ఆయన మియాపూర్‌లో వేరే పనిలో ఉన్నాడు. ఆ డిసెంబరు సంగతి ఈ షామియానా కింద తెలిసినవాళ్ళు ఇద్దరే, అందులో ఒకరు పెట్టెలో ఉన్నారు.

ఆ డిసెంబరు. ఢిల్లీ నుంచి తెలంగాణ ఇస్తామన్న మాట రాత్రికి రాత్రి వచ్చింది, బోరబండలో టపాకాయలు కాల్చారు, మర్నాటి నుంచి అటు కోస్తాలో బందులు. రబ్బరు జాయింట్లు వేసుకుని మద్రాసు నుంచి వస్తున్న లారీ ఒంగోలు బైపాస్ మీద ఆగిపోయింది. సాక్షాత్తూ ఆమె పుట్టిన ఊళ్ళో. నాన్న ఫోను చేసి, "మన బైపాస్ నిండా లారీలేనమ్మా, బారులు తీరి ఉన్నాయి, చూడ్డానికి వెళ్ళొచ్చాను" అని ఉత్సాహంగా చెబితే, "వాటిల్లో నా రబ్బరు కూడా ఉంది నాన్నా, కాస్త తోసి పంపించు" అని నవ్వింది. నెలాఖరుకు ఢిల్లీ మాట మార్చింది, అటు బందులు ఆగి ఇటు బందులు మొదలయ్యాయి, లారీ ఒంగోలు వదిలి సూర్యాపేట దగ్గర ఆగింది. ముందు మావాళ్ళు ఆపారు, తర్వాత వీళ్ళు ఆపారు, అనుకుంది అప్పుడు, మావాళ్ళు, వీళ్ళు, ఆ మాటలు ఎంత సులువుగా వచ్చేసేవి ఆ రోజుల్లో, ఆఫీసు క్యాంటీన్లో బల్లలు కూడా వాటంతట అవే విడిపోయాయి. సంక్రాంతికి ముందే క్యాంపస్ ప్రారంభం పెట్టుకున్నారు, పెద్దవాళ్ళు వస్తున్నారు, పచ్చిక పరవాలి, పచ్చిక పరవాలంటే గొయ్యి పూడ్చాలి, గొయ్యి పూడ్చాలంటే పైపు బిగించాలి. అప్పుడు మోషే ఫోను చేశాడు. "వందనాలు మేడం" అన్నాడు, ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేవాడు, ఆమె కూడా ప్రార్థనకు వెళ్ళే మనిషేనని తెలిసినప్పటి నుంచి. "రబ్బర్లు రాలే. గోడల పైపు పెట్టి సిమెంటు కొట్టమంటున్రు. కొట్టాల్నా? మీరు వద్దంటె ఆగుత." మీరు వద్దంటె ఆగుత. ఆగేవాడే. ఆమె ఒక్క మాట అంటే సూపర్‌వైజరు తల కింద పెట్టి కాళ్ళు పైకి పెట్టినా పానా ముట్టుకునేవాడు కాదు. ఆమెకు అప్పుడు ఎదురుగా ఇంకో మూడు డ్రాయింగులు ఉన్నాయి, విశ్వేశ్వరరావుగారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, "ప్రస్తుతానికి బిగించేయండి మోషే గారూ, జాయింట్లు వచ్చాక విప్పి మారుద్దాం లెండి" అంది. లెండి. ఆ లెండి ఇప్పటికీ చెవిలో ఉంది.

జాయింట్లు జనవరి చివర్లో వచ్చాయి. అప్పటికి గొయ్యి పూడ్చారు, పచ్చిక పరిచారు, దానిమీద కుర్చీలు వేసి సన్మానాలు కూడా చేశారు. ఇప్పుడు తవ్వుదామంటే వినేవాళ్ళెవరు. మోషే గుర్తుచేశాడు, ఒకసారి ఫిబ్రవరిలో, ఇంకోసారి వేసవిలో. "మేడం, ఆ రబ్బర్ల ముచ్చట" అనేవాడు, గట్టిగా అనేవాడు కాదు, ఇంట్లో వాళ్ళకు మందులు తెమ్మని గుర్తుచేసినట్టు. ఆమె విశ్వేశ్వరరావుగారికి చెప్పింది. ఆయన, "ఒక వానాకాలం గడవనిద్దామమ్మా, ఏమీ కాకపోతే ఏమీ కానట్టే" అన్నారు. వానాకాలం గడిచింది, ఏమీ కాలేదు. మట్టికి తొందరేముంది. ఆ తర్వాత ఆమె మర్చిపోయింది. ఇదే, ఇదే ఎవరికి చెప్పినా నమ్మరు, దాచిపెట్టలేదు, మోసం చేయాలనుకోలేదు, మర్చిపోయింది, పెళ్ళిరోజు మర్చిపోయినట్టు మర్చిపోయింది. నమూనా కోసమని ఒక రబ్బరు జాయింటు ఆఫీసుకు తెప్పించుకుంది, చిన్న పైపుది, నల్లగా, జానెడు పొడుగు. అది బల్లమీద నిలబెడితే పెన్నులు పెట్టుకోవడానికి బాగుందని పెన్నులు పెట్టుకుంది. ఇరవై నెలలు. గురువారం సంతకం పెట్టడానికి పెన్ను దాంట్లోంచే తీసింది, తీస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు, రాత్రి పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చి వాష్ బేసిన్ పట్టుకుని నిలబడిపోయింది.

ఈ వానలకు విరిగింది. గోడ అంచునే, గీత గీసినట్టు. పచ్చిక ఒకచోట కుంగి, నీళ్ళు ఊరడం మొదలైతే మోషేని పిలిచారు. మిషనుతో తవ్వితే పక్కనున్న కేబుళ్ళు తెగుతాయి, చేత్తోనే తవ్వాలి, జాయింటు ఎక్కడుందో చెప్పగలిగినవాడు అతనొక్కడే. తొమ్మిది అడుగుల గొయ్యి, నానిన మట్టి, పక్కలకు చెక్కలు కొట్టాల్సినవాళ్ళు సమ్మెలో ఉన్నారు. రేపు చూద్దామని ఎవరో అన్నారట. "నేను పెట్టింది, నేనే తీస్త" అని దిగాడట. బుధవారం మధ్యాహ్నం మట్టి ఒక్కసారిగా మీద పడింది. తీసేసరికి ముప్పావుగంట. బతికే ఉన్నాడు. రెండు రోజులు బతికే ఉన్నాడు సర్కారు దవాఖానలో, స్పృహలో ఉన్నాడు, మాట్లాడాడు, నీళ్ళడిగాడు, నడుం నుంచి కింద ఏమీ తెలియడం లేదన్నాడు. గురువారం మధ్యాహ్నం లీదియా దవాఖాన గేటుదాకా వెళ్ళింది. ఆ సంగతి కిరణ్ పాల్‌కి కూడా చెప్పలేదు. గేటు దగ్గర నిలబడి, లోపలికి వెళ్తే ఏమనాలో మనసులో కూడబలుక్కుంటుంటే విశ్వేశ్వరరావుగారి ఫోను వచ్చింది. కాగితం తయారైందమ్మా, వచ్చి ఒకసారి చూసుకో. వెనక్కి తిరిగింది. సంతకం అయ్యాక వద్దాం అనుకుంది. సంతకం అయ్యాక ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు.

ప్రమాదం ఎలా జరిగిందో కంపెనీ తరఫున రాసిన ఆ కాగితం మూడుసార్లు చదివింది. "అబద్ధం ఒక్క ముక్క ఉంటే చూపించమ్మా, కొట్టేద్దాం" అన్నారు ఆయన, అన్నట్టే ఒక్కటి కూడా లేదు. డ్రాయింగులో చూపిన జాయింట్లు సైటులో అమర్చబడలేదు. నిజం. పైపును గోడకు నేరుగా బిగించడం జరిగింది. నిజం. ఈ పని ఫిట్టరు మోషే చేతుల మీదుగా జరిగింది. అదీ నిజం. వాక్యం వాక్యం నిజమే, మొత్తం కలిపితే ఒక మనిషి నెత్తిన పడింది. కాగితం అందిస్తూ ఆయన కిటికీ వైపు చూశారు, పాపం, ఆయన్ని తిట్టుకుని లాభం లేదు, ఆయన దుర్మార్గుడై ఉంటే ఆమెకు ఎంత హాయిగా ఉండేదో.

ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. మెడలో గులాబీ కండువా, స్టేషన్ దగ్గరి నుంచే వచ్చినట్టున్నాడు, గొంతు బొంగురుపోయి ఉంది. బాలనర్సయ్యట, ఈ బస్తీ జేయేసీ మనిషి. "రోడ్డు మీద వంటా వార్పూ పెడితే మోషేనే వచ్చి నల్లా ఫిట్ చేసిండు, పైస తీసుకోలే. అసొంటి మనిషిని ఆంధ్రోళ్ళ కంపెనీ మట్టిల కలిపి, మళ్ళ తప్పు ఆయనదే అంటున్నది. గీ లెక్కలన్ని రేపు తేలుతయ్" అన్నాడు. నలుగురైదుగురు తలలు ఊపారు. లీదియా చీర కొంగు భుజం చుట్టూ లాక్కుంది. ఇప్పుడు లేచి నోరు విప్పితే మొదటి మాటలోనే ఒంగోలు తెలిసిపోతుంది, చెప్పేది ఎవరూ వినరు, ఆంధ్రా ఇంజనీరు అంటారు, అదొక గొడవ, శవం ముందు గొడవ ఏం బాగుంటుంది, పుణ్యవతి ఎంత నొచ్చుకుంటుంది. ఎంత చక్కగా అమిరింది కారణం. ఇంత పెద్ద ఉద్యమం, ఊళ్ళకు ఊళ్ళు రోడ్ల మీదికి వచ్చిన ఉద్యమం, చివరికి తనకు దాక్కోవడానికి పనికొచ్చింది. మోషే ఒకసారి అడిగాడు, "తెలంగాణ వస్తె మీరు పోతరా మేడం?" పోనండీ, ఎక్కడికి పోతాను, అంటే, "పోకుండ్రి. మీరు పోతె ఇంత సాఫ్‌గ గీసేటోళ్ళు మాకు యాడ దొర్కుతరు" అని నవ్వాడు. అతనికి తెలంగాణ కావాలి, ఆమె కూడా ఉండాలి, రెండింటికీ పేచీ ఉన్నట్టే తోచలేదు. భయం యాస గురించి కాదు. ఒంగోల్లో ఒంగోలు వాళ్ళ మధ్య కూర్చున్నా ఇంతే ముడుచుకుని కూర్చునేది. ఈ మాట తనకు తాను ఒప్పుకునేసరికి దగ్గొచ్చింది, పక్కనున్న ముసలావిడ వీపు రాసింది.

బండి ఎర్రగడ్డ దాటిందని కబురొచ్చింది. పాస్టరుగారు ఆఖర్న తనూ ఒక మాట చెప్పారు. "మన మందిరంల బాప్తిస్మపు తొట్టి ఉన్నది గద, నేలల తవ్వి కట్టింది, దానికి పైపు పెట్టింది మోషేనే. ఎనిమిదేండ్లాయె. చుక్క కారలే." అందరూ అవునన్నారు. ఆ తొట్టి సంగతి లీదియాకు తెలుసు, మోషే చెప్పాడు, ఎప్పుడు చెప్పాడో అది కూడా తెలుసు. ఆ ఫోనులోనే. బిగించేయండి అని ఆమె అన్న తర్వాత అతను ఫోను పెట్టలేదు. ఇన్నాళ్ళూ ఆ ఫోను అక్కడితో అయిపోయినట్టే గుర్తుపెట్టుకుంటూ వచ్చింది, అక్కడితో అయిపోలేదు. "మేడం, ఒక మాట. మా మందిరంల తొట్టికి లారీ ట్యూబు కోసి, రెండు దిక్కుల తీగ చుట్టి కట్టిన. మట్టి దిగినా ఏం కాలే. రబ్బర్లు వచ్చేదాక అట్ల కడ్త. సిమెంటు కొట్టేదానికంటె అది నయం." ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు, ముచ్చటేసి నవ్వింది, అది ఇంకా ఘోరం. "లారీ ట్యూబా? అది స్పెసిఫికేషన్‌లో లేదు మోషే గారూ, ఇన్‌స్పెక్షన్‌లో చూస్తే నన్ను బతకనివ్వరు" అంది. సిమెంటు మాత్రం ఉందా స్పెసిఫికేషన్‌లో? అదీ లేదు. కానీ సిమెంటు చూడ్డానికి పనిలా ఉంటుంది, లారీ ట్యూబు చూడ్డానికి లారీ ట్యూబులా ఉంటుంది. చదువుకున్నవాళ్ళు చేసే తప్పు. అతను, "మీ ఇష్టం మేడం. వందనాలు" అన్నాడు. వందనాలు అని మొదలుపెట్టి వందనాలు అని ముగించాడు, మధ్యలో తన ప్రాణం కాపాడే ఉపాయం ఆమె చేతిలో పెట్టాడు, ఆమె చూసి, నవ్వి, తిరిగిచ్చేసింది.

హారను వినిపించింది. నలుగురు లేచి కుర్చీలు జరిపారు. ఐసు పెట్టెలోంచి శవపేటికలోకి మార్చి మూత బిగించే ముందు ఈ సంఘంలో ఒక వాడుక ఉంది. ఇంటివాళ్ళలో ఒకరు నిలబడి, పోయినవాడు బతికుండగా ఎవరినైనా మాటవల్ల గానీ చేతవల్ల గానీ నొప్పించి ఉంటే మన్నించమని అడుగుతారు, అందరూ మన్నించామని అంటారు, అప్పుడే మూత. పుణ్యవతి కూతురి భుజం పట్టుకుని లేచింది. అందరికీ కలిపి చేతులు జోడించింది, మన్నించామని అందరూ అన్నారు. ఇక మూతే అనుకుంటుండగా ఆమె రెండో వరస వైపు తిరిగింది. "మేడం" అంది. "కంపెనీ నుంచి మీరొక్కరే వచ్చిన్రు. ఆయన పని ఖరాబయ్యి మీ పేరుకు మాట వచ్చిందంట. ఎవరు జెయ్యమన్నరు అని దవాఖానల ఎంత అడిగినా చెప్పలే. నా చేతులే గద బిగించినయ్, నాదే తప్పు, అన్నడు. గదే ఫికర్ తోని పోయిండు. మీరు పెద్దమనసు జేసి మన్నించుండ్రి."

రెండు చేతులూ జోడించి నిలబడింది. అందరూ లీదియా వైపు తిరిగారు. మన్నించాను అనాలి. వాడుక అది, ఒక్క మాట, అనేస్తే మూత పడుతుంది, బండి కదులుతుంది, సందు చివర కిరణ్ పాల్ ఎదురుచూస్తూ ఉంటాడు. దవాఖానలో చెప్పలేదు. రెండు రోజులు, ఆ నొప్పిలో, అడిగినా చెప్పలేదు. లీదియాకు తను లేచినట్టు తెలియలేదు, చేతిలోని గ్లాసు కింద పడిన చప్పుడుకు తెలిసింది.

"ఆయన తప్పేం లేదండీ" అంది. "సిమెంటు కొట్టొద్దన్నారు. వేరే విధంగా కడతానన్నారు, అలా కట్టి ఉంటే విరిగేదే కాదు. వద్దని, బిగించేయమని, నేనే ఫోన్లో చెప్పాను. తర్వాత మార్చమని రెండుసార్లు గుర్తు చేశారు, నేనే మర్చిపోయాను. కంపెనీ కాగితంలో అది రాయకుండా నేనే సంతకం పెట్టాను. ఇవాళ మళ్ళీ రాసిస్తాను. నన్ను మన్నించమని మిమ్మల్ని నేను అడగాలి."

బాలనర్సయ్య ఏదో అనబోతే మల్లయ్య అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. షారోన్ కింద పడ్డ గ్లాసు తీయడానికి వంగినదల్లా, తీయకుండా, అలాగే నిటారుగా లేచి లీదియా మొహంలోకి చూసింది. ఆ చూపుకు లీదియా తల దించుకోలేదు, దించుకునే హక్కు కూడా లేదనిపించింది. పుణ్యవతి మాత్రం ఆమెను చూడలేదు. చాప మీద మోకాళ్ళూని, పెట్టె మీదికి వంగి, గాజు మీద అరచేత్తో మెల్లగా తట్టింది, నిద్రలో ఉన్నవాణ్ణి లేపినట్టు.

"ఓ షారోను నాయినా, ఇన్నవా? నీది తప్పు గాదంట. మేడం జెప్తున్నది. ఇను జర. నీది తప్పు గాదంట."

రెండుసార్లు చెప్పింది, మూడోసారి కూడా చెప్పింది, ప్రతిసారీ చెప్పాక జవాబు కోసం అన్నట్టు కాస్త ఆగింది. తర్వాత గాజు మీద నుంచి చెయ్యి తీసుకుని, లీదియా వైపు తిరిగింది. కోపమేమీ లేదు ఆ మొహంలో, ఉంటే లీదియా తట్టుకోగలిగేది.

"మొన్న జెప్తె ఇనేటోడు బిడ్డా" అంది.